యంత్రానికీ ఉండాలి ఒక ఆరోగ్య పుస్తకం

పిల్లలూ!

ఆసుపత్రి అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? డాక్టరు, నర్సు, మందులిచ్చే ఫార్మసిస్టు, అంబులెన్సు డ్రైవరు. ఈ వరుసలో సాధారణంగా ఎవరూ చెప్పని మనిషి మరొకరున్నారు. చేతిలో స్క్రూడ్రైవరు, మల్టీమీటరు, చంకలో ఒక రిజిస్టరు. ఆయన రోగి నాడి చూడరు. రోగి మంచం పక్కన ఉన్న యంత్రం ఎలా ఉందో చూస్తారు. ఆయన్ని బయోమెడికల్ ఇంజనీరు అని గానీ, టెక్నీషియన్ అని గానీ పిలుస్తారు.

డాక్టరు ఎంత తెలివైనవారైనా బీపీ మిషన్ తప్పు చూపిస్తే తప్పు మందు రాసే ప్రమాదం ఉంది. నర్సు ఎంత ఓపికగా చూసుకున్నా, పసిబిడ్డకు వెచ్చదనమిచ్చే వార్మరు అర్ధరాత్రి ఆగిపోతే ఆ బిడ్డకు ప్రాణాపాయం. అందుకే ఆసుపత్రిలో యంత్రాల బాగోగులు చూడటం కూడా వైద్యంలో భాగమే. ఆ పని ఎలా జరుగుతుందో, ఎందుకు జరగకుండా పోతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం. బదిలీ ఉద్యోగుల పిల్లలైన మీకు ఇందులో ఒక విషయం మిగతావాళ్ల కంటే త్వరగా అర్థమవుతుంది. అదేమిటో ముందుముందు చెబుతాను.

కొనడం ఒక రోజు పని, చూసుకోవడం రోజూ పని

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు అని మన పెద్దలు అంటారు. లక్షలు పోసి యంత్రం కొంటాం. ప్రారంభోత్సవం రోజున రిబ్బను కత్తిరిస్తాం, ఫొటోలు దిగుతాం. ఆరు నెలల తరువాత దానికి కొన్ని వందల రూపాయల ఫిల్టరు మార్చాల్సి వస్తే మాత్రం ఆ డబ్బు ఏ పద్దు కింద ఇవ్వాలో ఎవరికీ తెలియదు. యంత్రం ఆగిపోతుంది.

ఇది ఏదో ఒక ఊరి సంగతి కాదు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద 2015లో ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాల నిర్వహణ కోసం ఒక దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. ఏ ఆసుపత్రిలో ఏ యంత్రం ఉందో, అది పనిచేస్తుందో లేదో ముందుగా లెక్క తీశారు. 29 రాష్ట్రాల్లో 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలు ఉన్నట్లు తేలింది. వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి వీటిలో 13 నుంచి 34 శాతం వరకు పనిచేయడం లేదు. 34 శాతం అంటే మూడింట ఒక వంతు. మీ తరగతిలో 30 బెంచీలుంటే వాటిలో పది విరిగి మూలన పడి ఉన్నాయని ఊహించుకోండి.

పనిచేయని యంత్రాలన్నీ నిజంగా పాడైపోయినవి కావు. కొన్నిటికి చిన్న విడిభాగం దొరకదు. కొన్నిటికి తగిన కరెంటు ఉండదు. కొన్నిటి గ్యారంటీ ఇంకా ఉన్నా కంపెనీకి ఫోన్ చేసేవారుండరు. మరికొన్నిటిని నడపడం తెలిసినవాళ్లు ఉండరు.

నేను బదిలీల మీద తిరిగిన ఊళ్లలో ఒకచోట, చిన్న ఆసుపత్రిలో ఈసీజీ యంత్రం మీద గుడ్డ కప్పి మూలన పెట్టి ఉంది. పాడైందా అని అడిగాను. "లేదు టీచర్‌గారూ, బాగానే ఉంది. శిక్షణ తీసుకున్న సిస్టర్‌గారు బదిలీ అయ్యారు. కాగితం రోలు ఎక్కడ దొరుకుతుందో కూడా ఆమెకే తెలుసు" అన్నారు. ఆ సిస్టర్‌గారి తప్పు ఇందులో ఏమీ లేదు. ఆమెకు తెలిసింది ఆమెతోపాటే వెళ్లిపోయింది, అంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

యంత్రం బాగోగుల్లో నాలుగు పనులు

మొదటిది జాబితా. మన తరగతిలో హాజరుపట్టీ ఉన్నట్లే యంత్రాలకూ ఒక పట్టీ ఉండాలి. ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యతో స్టిక్కరు అంటించాలి. ఎప్పుడు కొన్నారు, ఏ వార్డులో ఉంది, గ్యారంటీ ఎప్పటిదాకా, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి రాయాలి. ఏం ఉందో తెలియనివాడు దేన్నీ కాపాడలేడు.

రెండోది నివారణ. అంటే పాడవకముందే చూసుకోవడం. దుమ్ము తుడవడం, ఫిల్టరు కడగడం, వైర్లు చూడటం, బ్యాటరీ చార్జింగులో ఉంచడం వంటివి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు కదా!

మూడోది మరమ్మతు. పాడైనదాన్ని బాగుచేయడం. అది ఎంత త్వరగా జరుగుతుందన్నదే ముఖ్యం.

నాలుగోది క్యాలిబ్రేషన్. యంత్రం చూపే అంకె నిజమైనదేనా అని ఒక నమ్మకమైన కొలతతో పోల్చి చూడటం. నలుగురిలో మనం ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. ఎందుకంటే ఆగిపోయిన యంత్రం అందరికీ కనిపిస్తుంది. నడుస్తూ తప్పు చెప్పే యంత్రం ఎవరికీ కనిపించదు. ప్రమాదం రెండోదానితోనే ఎక్కువ.

నడుస్తూనే తప్పు చెప్పే యంత్రాలు

కొన్ని ఉదాహరణలు చూద్దాం. లెక్కలు వచ్చినచోట మీరూ చేయండి.

*పసిబిడ్డల తూకం.* ఒక బిడ్డ అసలు బరువు 2.5 కిలోలు. తూకం యంత్రం 2.7 కిలోలు చూపించింది. తేడా 200 గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ అది 8 శాతం. పిల్లలకు చాలా మందులు బరువును బట్టి ఇస్తారు. బరువు తప్పయితే మందు మోతాదూ తప్పే. అదే 200 గ్రాముల తేడా 60 కిలోల పెద్దమనిషి దగ్గర ఒక శాతంలో మూడో వంతు మాత్రమే. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు పాలు సరిపోతున్నాయా లేదా అన్నది కూడా రోజూ పెరిగే కొద్ది గ్రాములను బట్టే తెలుస్తుంది. అందుకే ఖచ్చితంగా తెలిసిన తూకపు రాయిని యంత్రం మీద పెట్టి చూస్తుండాలి. రెండు కిలోల రాయి పెడితే అది రెండు కిలోలే చూపాలి.

*బీపీ మిషన్.* ముల్లు ఉండే బీపీ మిషన్‌లో గాలి లేనప్పుడు ముల్లు సున్నా దగ్గర ఆగాలి. అది 10 దగ్గర ఆగిందనుకోండి. అసలు 128 ఉన్న మనిషికి 138 అని చూపిస్తుంది. ఏ జబ్బూ లేని మనిషి బీపీ మాత్రలు మొదలుపెట్టవచ్చు. మీ జామెట్రీ బాక్సులోని స్కేలు అంచు అరిగిపోయి, సున్నా గీత కనిపించకుండా పోతే మీ కొలతలన్నీ ఎలా తప్పుతాయో ఇదీ అంతే.

*నీలికాంతి దీపం.* పుట్టిన కొన్ని రోజులకు కొందరు పిల్లలకు కామెర్లు వస్తాయి. ఎక్కువైతే మెదడుకు ప్రమాదం. అలాంటి బిడ్డను నీలిరంగు కాంతి కింద ఉంచుతారు. ఆ కాంతి బిడ్డ ఒంట్లోని పసుపు పదార్థాన్ని శరీరం బయటికి పంపేయగల రూపంలోకి మారుస్తుంది. 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో, ఎండ తగిలిన బిడ్డల ఒంటిమీద పసుపు తగ్గుతోందని మొదట గమనించింది ఒక నర్సు. ఆమె పేరు జీన్ వార్డ్. ఈ వైద్యం అక్కడి నుంచే పెరిగింది. అయితే ఈ దీపాలతో ఒక చిక్కుంది. వాడేకొద్దీ వాటి బలం తగ్గుతుంది. మన కంటికి మాత్రం నీలంగా వెలుగుతూనే ఉంటాయి. తల్లిదండ్రులు వైద్యం జరుగుతోందని నమ్ముతారు, కామెర్లు మాత్రం తగ్గవు. కాంతి బలాన్ని కొలిచే మీటరుతో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. దీపం మీద దుమ్ము పేరుకున్నా, దీపాన్ని బిడ్డకు మరీ దూరంగా పెట్టినా ఇదే ఫలితం.

*ఆటోక్లేవ్.* ఇది మన ఇంట్లోని ప్రెషర్ కుక్కరుకు అన్నలాంటిది. 1879లో ఫ్రాన్సులో ఛార్లెస్ ఛాంబర్‌లాండ్ దీన్ని తయారుచేశారు. ఆపరేషన్ కత్తులు, కత్తెరలు, గుడ్డలు ఇందులో పెట్టి క్రిములు లేకుండా చేస్తారు. మామూలుగా నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కొన్ని మొండి క్రిములు ఆ వేడికి చావవు. మూత బిగించి, చదరపు అంగుళానికి 15 పౌండ్ల అదనపు ఒత్తిడి పెంచితే ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో తగినంతసేపు ఉంచితే ఆ క్రిములు కూడా నశిస్తాయి. కుక్కరు గాస్కెట్ అరిగితే అన్నం ఉడకదు. ఆటోక్లేవ్ గాస్కెట్ అరిగితే క్రిములు మిగిలిపోతాయి. అన్నం ఉడకకపోతే తినేటప్పుడే తెలుస్తుంది. క్రిములు మిగిలితే తెలిసేది ఆపరేషన్ అయిన కొన్ని రోజుల తరువాత, రోగికి జ్వరం వచ్చాక.

కొండ ప్రాంతాల్లో ఉన్న పిల్లలకు ఇక్కడ ఒక చిన్న సంగతి. లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ. నీరు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. విశాఖపట్నంలో 15 పౌండ్ల దగ్గర పెట్టి వాడిన ఆటోక్లేవ్‌ను అక్కడికి తీసుకెళ్లి అదే 15 పౌండ్ల దగ్గర వాడితే లోపలి వేడి 121 డిగ్రీలకు చేరదు. ఒత్తిడి మరికొంత పెంచాలి. కొత్త ఊరికి వెళ్లినప్పుడు మనకు అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది కదా! యంత్రాన్ని కూడా ఆ ఊరికి తగినట్లు సర్దాలి.

*టీకాల ఫ్రిజ్.* చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కితే టీకా పాడవుతుందని అందరికీ తెలుసు. కొన్ని టీకాలు గడ్డకట్టినా పాడవుతాయన్నది చాలామందికి తెలియదు. హెపటైటిస్ బి, డీపీటీ టీకాలు అలాంటివే. అందుకే ఆరోగ్య కేంద్రాల్లోని టీకాల ఫ్రిజ్ ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు చూసి రాస్తారు. ఆదివారమైనా, పండగైనా రాయాల్సిందే. ఆ ఫ్రిజ్ తలుపు పక్కకు కాకుండా పైకి తెరుచుకుంటుంది. చల్లగాలి బరువైనది. పైమూత తీసినా అది కిందనే ఉంటుంది. పాడైన టీకా రంగు మారకపోవచ్చు, వాసన రాకపోవచ్చు. టీకా వేశామన్న ధైర్యం మాత్రం ఉంటుంది, రక్షణ ఉండదు.

ఆక్సిజన్: ఒక లెక్క, రెండు జాగ్రత్తలు

ఆసుపత్రిలో చిన్న ఆక్సిజన్ సిలిండరులో సుమారు 1,500 లీటర్ల వాయువు ఉంటుంది. పెద్దదానిలో సుమారు 7,000 లీటర్లు. ఒక రోగికి నిమిషానికి 5 లీటర్లు కావాలి. చిన్న సిలిండరు ఎంతసేపు వస్తుంది? 1,500ను 5తో భాగిస్తే 300 నిమిషాలు, అంటే 5 గంటలు. రాత్రి పదింటికి కొత్త సిలిండరు పెడితే తెల్లవారుజామున మూడింటికి అయిపోతుంది. ఆ సమయానికి ఇంకొకటి సిద్ధంగా లేకపోతే? అందుకే సిలిండరు మీటరు చూసి రాయడం కూడా యంత్రాల నిర్వహణలో భాగమే. జాగ్రత్తపరులు పూర్తిగా అయిపోయేదాకా ఆగరు, కొంత మిగిలి ఉండగానే మారుస్తారు.

మొదటి జాగ్రత్త. ఆక్సిజన్ సిలిండరు వాల్వు బిగుసుకుపోయిందని నూనె గానీ గ్రీజు గానీ రాయకూడదు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తోడైతే మంట పుట్టవచ్చు. సైకిలు చైనుకు చేసే సేవ దీనికి పనికిరాదు.

రెండో జాగ్రత్త. ఒక వాయువు బదులు మరొకటి తగిలించకూడదు. అందుకోసం ఇంజనీర్లు ఒక చక్కటి ఉపాయం చేశారు. చిన్న సిలిండర్ల మెడ దగ్గర రెండు రంధ్రాలుంటాయి. ఒక్కొక్క వాయువుకు ఆ రంధ్రాల స్థానాలు వేరు. యంత్రంవైపు ఉన్న పిన్నులు ఆ రంధ్రాల్లోకే సరిపోతాయి. మత్తు కోసం వాడే నైట్రస్ ఆక్సైడ్ సిలిండరును ఆక్సిజన్ చోట పెట్టబోతే అసలు అది కూర్చోదు. నిద్రమత్తులో ఉన్న మనిషి కూడా తప్పు చేయకుండా ఆపే ఏర్పాటు ఇది. పిన్ను విరిగితే వెంటనే బాగు చేయించాలి. విరిగిన పిన్నుతోనే నడిపించేస్తే ఆ కాపలా పోయినట్లే.

2021లో కోవిడ్ రెండో వేవ్ తరువాత దేశంలోని జిల్లాలన్నిటిలో కలిపి పీఎం కేర్స్ నిధితో 1,200కు పైగా ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు. వేల సంఖ్యలో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు కూడా వచ్చాయి. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్, 78 శాతం నైట్రోజన్ ఉంటాయి. ఈ యంత్రాల్లోని జియోలైట్ అనే గుళికలు నైట్రోజన్‌ను పట్టి ఉంచి, ఆక్సిజన్‌ను ముందుకు వదులుతాయి. ఈ గుళికలకు తేమ పడదు. అవసరం లేదు కదా అని నెలల తరబడి మూలన పెట్టేస్తే తేమ పట్టి గుళికలు దెబ్బతింటాయి. మళ్లీ అవసరం వచ్చిన రోజు యంత్రం శబ్దం చేస్తుంది గానీ సరైన ఆక్సిజన్ ఇవ్వదు. కాబట్టి వాడకపోయినా అప్పుడప్పుడూ నడిపించాలి, వచ్చే ఆక్సిజన్ శాతాన్ని కొలవాలి. వాడకపోవడం కూడా ఒక రకంగా పాడుచేయడమే.

చార్జి అప్పగించడం

ఇప్పుడు మీకు త్వరగా అర్థమవుతుందన్న విషయానికి వద్దాం.

మీ నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఆర్డరు వచ్చాక ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. వారు వెంటనే రైలెక్కరు. ముందు చార్జి అప్పగిస్తారు. తాళాలు, ఫైళ్లు, సామాను జాబితా, సగంలో ఉన్న పనులు అన్నీ రాసి, కొత్తగా వచ్చినవారికి చూపించి, ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఎందుకు? మనిషి వెళ్లిపోతాడు, పని అక్కడే ఉంటుంది. వెళ్లే మనిషి తలలో ఉన్నది కాగితం మీదికి రాకపోతే వచ్చిన మనిషి చీకట్లో తడుముకోవాల్సిందే.

ఆసుపత్రి యంత్రం పదేళ్లు పనిచేస్తుందనుకుందాం. ఆ పదేళ్లలో దాన్ని నడిపేవాళ్లు ఎంతమంది మారతారు! యంత్రానికి బదిలీ లేదు. దాని సంగతి తెలిసినవారికి ఉంది. గుడ్డ కప్పిన ఆ ఈసీజీ యంత్రానికి కావలసింది ఇంజనీరు కాదు. సిస్టర్‌గారు రాసిన ఒక పేజీ ఉంటే సరిపోయేది. ఎలా నడపాలి, కాగితం రోలు ఎక్కడ దొరుకుతుంది, పాడైతే ఎవరిని పిలవాలి అన్నవి ఆ పేజీలో ఉంటే చాలు.

ఆ పేజీనే లాగ్‌బుక్ అంటారు. మీకు స్కూల్లో హెల్త్ కార్డు ఉన్నట్లే యంత్రానికి ఇది ఆరోగ్య పుస్తకం. అది ఎలా ఉంటుందో ఒక నమూనా చూడండి. ఇది మీకు అర్థం కావడానికి నేను రాసింది.

యంత్రం: ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, నిమిషానికి 5 లీటర్లు
ఉన్న చోటు: పిల్లల వార్డు, కిటికీ పక్క మంచం
జూన్ 3: ఫిల్టరు కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాం. ఆక్సిజన్ 93 శాతం.
జూన్ 10: ఫిల్టరు కడిగాం. ఆక్సిజన్ 92 శాతం.
జూన్ 17: ఆక్సిజన్ 86 శాతం. శబ్దం ఎక్కువగా ఉంది. రోగికి వేరే యంత్రం పెట్టాం. ఉదయం 9:40కి కంపెనీకి ఫోన్ చేశాం.
జూన్ 19: ఇంజనీరు వచ్చి లోపలి ఫిల్టరు మార్చారు. ఆక్సిజన్ 94 శాతం. తిరిగి వార్డులో పెట్టాం.
ముఖ్య గమనిక: ఈ ప్లగ్గులో ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టవద్దు. వేడెక్కుతోంది.

ఇందులో గొప్ప భాష లేదు. తేదీ ఉంది, అంకె ఉంది, ఏం చేశారో ఉంది. చివరి గమనిక చూడండి. రెండేళ్ల తరువాత వచ్చే నర్సు, ఈ రాసిన మనిషిని ఎన్నడూ చూడని నర్సు, ఈ ఒక్క వాక్యం చదివి ప్రమాదం నుంచి తప్పించుకోవచ్చు. తెలుగులో మంచి వాక్యం అంటే ఏమిటని మీరు నన్ను అడుగుతుంటారు. ఎవరికి అవసరమో వారికి అర్థమయ్యే వాక్యమే మంచి వాక్యం.

కాంట్రాక్టులు, గడువులు

కొత్త యంత్రానికి కొంతకాలం గ్యారంటీ ఉంటుంది. ఆ తరువాత కంపెనీతో ఏడాదికోసారి ఒప్పందం చేసుకుంటారు. ఇందులో రెండు రకాలు. ఏఎంసీ అనేదానిలో సాధారణంగా మనిషి వచ్చి చూసి వెళతాడు, విడిభాగాల ఖర్చు మనదే. సీఎంసీ అనేదానిలో విడిభాగాలు కూడా కలిసి ఉంటాయి. ఒప్పందం ముగిసే తేదీ ఎవరూ గమనించకపోతే ఆ మర్నాడే యంత్రం పాడైనా చేసేదేమీ ఉండదు. కాబట్టి ఆ తేదీ కూడా లాగ్‌బుక్ మొదటి పేజీలోనే రాసి ఉండాలి.

ముందు చెప్పిన జాతీయ కార్యక్రమంలో యంత్రం ఏడాదిలో ఎంత శాతం కాలం పనిచేస్తూ ఉండాలో లక్ష్యాలు పెట్టారు. జిల్లా ఆసుపత్రిలో 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80 శాతం. వీటిని రోజుల్లోకి మార్చండి. 365 రోజుల్లో 5 శాతం అంటే సుమారు 18 రోజులు, 10 శాతం అంటే 36 రోజులకు పైన, 20 శాతం అంటే 73 రోజులు. అంతకంటే ఎక్కువ రోజులు యంత్రం ఆగిపోకూడదన్నమాట. పల్లెకు దగ్గరగా ఉండే ఆరోగ్య కేంద్రానికే ఎక్కువ రోజుల వెసులుబాటు ఎందుకు ఇచ్చారు? దూరం, రోడ్లు, విడిభాగాలు చేరే సమయం గురించి ఆలోచించండి. అది న్యాయమేనా అన్నది తరగతిలో చర్చించండి. నాకూ వినాలని ఉంది.

ఎంత చూసుకున్నా ఒకరోజు యంత్రానికి వయసు అయిపోతుంది. అప్పుడు దాన్ని కండెమ్ చేసి, జాబితా నుంచి తీసేయాలి. పనికిరాని యంత్రాన్ని గదిలో ఉంచితే, జాబితాలో ఒకటి ఉందనే లెక్కతో కొత్తది ఇవ్వరు. కాబట్టి సమయానికి తీసేయడం కూడా నిర్వహణే.

ఈ పని నేర్చుకోవాలంటే

సైన్సు, చేతిపని రెండూ ఇష్టపడేవారికి ఇది మంచి చదువు. బయోమెడికల్ ఇంజనీరింగ్ హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాలలోనూ, ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఉంది. మన దేశంలో ఇంకా చాలా చోట్ల ఉంది. డిప్లొమా చదివి టెక్నీషియన్లుగా చేరేవారూ ఉన్నారు. విశాఖపట్నంలో వైద్య పరికరాలు తయారుచేయడానికే ప్రత్యేకంగా ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఏర్పాటైంది. యంత్రం మన దగ్గరే తయారైతే విడిభాగం కోసం ఓడ వచ్చేదాకా ఎదురుచూడాల్సిన పని తగ్గుతుంది.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు మనం

మనం ఇంజనీర్లం కాకపోయినా కొన్ని పాటించవచ్చు.

1. వార్డులో ఫోన్ చార్జింగు కోసం ఏ ప్లగ్గూ తీయకూడదు. అది ఎవరి ప్రాణాన్ని నిలబెడుతోందో మనకు తెలియదు.
2. యంత్రం బీప్ మంటే బటను నొక్కి ఆపకూడదు. సిస్టర్‌గారిని పిలవాలి. ఆ శబ్దం ఆమెను పిలవడానికే.
3. ఎమ్మారై గదిలోకి ఇనుప వస్తువు తీసుకెళ్లకూడదు. 1.5 టెస్లా యంత్రం అయస్కాంత బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. స్కానింగు లేనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది.
4. తెగిన వైరు, కారుతున్న గొట్టం కనిపిస్తే సిబ్బందికి మర్యాదగా చెప్పాలి. చెప్పడం చాడీ కాదు, సాయం.

ఒక మాట కథ

మనం తెలుగులో మరమ్మతు అంటాం. ఇది అరబీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. హిందీలో మరమ్మత్, బెంగాలీలో మేరామత్, గుజరాతీలో మరామత్. తమిళంలో మరామత్తు, మలయాళంలో మరామత్తు. మలయాళంలో ప్రభుత్వ కట్టడాల శాఖ పేరులో కూడా ఈ మాట వినిపిస్తుంది. మీరు బదిలీ మీద వెళ్లే చాలా రాష్ట్రాల్లో ఈ మాట కొంచెం వేషం మార్చుకుని కనిపిస్తుంది. ఏ ఊళ్లోనైనా వస్తువు పాడవుతుంది, ఏ ఊళ్లోనైనా దాన్ని బాగుచేసే మనిషి కావాలి.

మీరు పెద్దయ్యాక ఏ ఉద్యోగం చేసినా, ఏ కుర్చీలో కూర్చున్నా, మీ చేతికింద ఏదో ఒక వస్తువు ఉంటుంది. మీకు ముందు ఎవరో దాన్ని చూసుకున్నారు, మీ తరువాత ఎవరో చూసుకుంటారు. మీకు తెలిసింది రాసిపెట్టి వెళ్లండి.

కొత్త మాటలు

నిర్వహణ: సరిగా నడిచేలా చూసుకోవడం
నివారణ: రాకముందే ఆపడం
మోతాదు: ఇవ్వవలసిన కొలత
విడిభాగం: యంత్రంలో మార్చగలిగే చిన్న ముక్క
వెసులుబాటు: ఇచ్చిన సడలింపు
అప్పగించడం: బాధ్యతను మరొకరి చేతిలో పెట్టడం

ఆలోచించి రాయండి

1. ఆగిపోయిన యంత్రం కంటే తప్పు చూపే యంత్రం ఎందుకు ప్రమాదకరం? పాఠంలో లేని ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. 7,000 లీటర్ల సిలిండరు నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఎన్ని గంటలు వస్తుంది?
3. టీకాల ఫ్రిజ్ ఉష్ణోగ్రతను సెలవు రోజున కూడా ఎందుకు రాయాలి?
4. ఏనుగు, అంకుశం సామెతను మీ ఇంట్లోనో స్కూల్లోనో జరిగిన సంగతికి అన్వయించి ఐదు వాక్యాలు రాయండి.

చేసి చూడండి

మీ ఇంట్లో ఒక వస్తువును ఎంచుకోండి. నీళ్ల ఫిల్టరు, కుక్కరు, ఫ్యాను, సైకిలు ఏదైనా సరే. దానికి ఒక లాగ్‌బుక్ పెట్టి నెల రోజులు తెలుగులో రాయండి. నెలాఖరున ఆ పుస్తకాన్ని మీ తమ్ముడికో చెల్లికో ఇచ్చి, మీరు ఏమీ చెప్పకుండా వాళ్లనే ఆ వస్తువును చూసుకోమనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో గమనించి, అక్కడ ఇంకొక వాక్యం చేర్చండి.